నాకంటే బాగా చెప్పిన అయ్యవారు

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క మా చిత్తూరు వైపు బస్సులు బొగ్గుతో నడిచేవి. బస్సు వెనకాల మనిషెత్తు ఇనుప పీపా ఒకటి బిగించి ఉండేది. దాంట్లో బొగ్గులు పోసి రాజేసి, క్లీనరు ఒక చక్రం తిప్పుతూ చాలాసేపు గాలి ఊదితే తప్ప బండి కదిలేది కాదు. కదిలినా ఎత్తు వస్తే ఆయాసపడేది. ఒక వేసవిలో బంధువుల పెళ్లికని పలమనేరు పోతుంటే మొగిలి ఘాటు ఎక్కలేక మా బస్సు నిలిచిపోయింది. అందరమూ దిగి రోడ్డు పక్కన కూర్చున్నాము.

నేనప్పటికి చిత్తూరు హైస్కూల్లో సైన్సు అయ్యవారిని. పన్నెండేళ్ల సర్వీసు. మద్రాసులో చదివి భౌతికశాస్త్రంలో మొదటి తరగతిలో పాసయ్యాను. పాఠంలో ఒక్క మాట తప్పు చెప్పనని పేరు. కోటు, కళ్లద్దాలు చూసి చదువుకున్నవాణ్ణని పోల్చుకుందేమో, ఒక ముసలామె నా దగ్గరికి వచ్చింది.

"అయివోరా, బొగ్గు పొయ్యిలో కదా మండాల. దాంతో బండెట్ల పరిగెత్తతాది?" అని అడిగింది.

"బొగ్గు అసంపూర్ణంగా దహనం చెందినప్పుడు ఒక వాయువు పుడుతుందమ్మా. అది ఇంజనులో ఇంధనంగా పనిచేస్తుంది," అన్నాను.

ఆమె నా మొహం వంక కాసేపు చూసి, "అట్లనా," అని పక్కకు తిరిగింది. నేను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఇప్పటికీ అదే మాట అంటాను.

మా పక్కన పాతికేళ్ల మనిషొకడు రాతి మీద కూర్చుని ఉన్నాడు. ఖద్దరు చొక్కా, మోకాళ్ల దాకా మడిచి కట్టిన పంచె. అతను లేచి వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, పచ్చి కట్టె పొయ్యిలో పెడితే ఏమవతాది?"

"పొగ లేస్తాది. కండ్లు మండతాయి."

"అప్పుడు నువ్వేం చేస్తావు?"

"ఊదుగొట్టంతో ఊదతాను. బుస్సుమని మంట లేస్తాది."

"ఆ మంట అంటుకునింది కట్టెకా, పొగకా?"

ఆమె ఆలోచించింది. యాభై ఏళ్లు పొయ్యి ముందర కూర్చున్న మనిషి ఆమె. కళ్లు సగం మూసుకుని ఆ పొయ్యిని తలుచుకుంటున్నట్టు కనిపించింది. "పొగకే," అంది చివరికి. "కట్టెకు పైన, గాల్లోనే లేస్తాది మంట."

"అంతే. పొగంటే సగమే కాలిన సరుకు. ఇంకా కాలేదానికి కాసుకోని ఉంటాది. ఆ పీపాలో బొగ్గును కావాలనే సగం కాలుస్తారు. ఆ పొగను గొట్టంలో ఇంజనుకు పంపి, మిగతా సగం ఆడ కాలుస్తారు. ఆ కాలే ఊపుకు బండి కదల్తాది."

"ఓస్, ఇంతేనా," అంది ఆమె. తరువాత తన పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లకు తానే చెప్పడం మొదలుపెట్టింది. వాళ్లకు అర్థమైంది. నేను వింటూ ఉండగానే వాళ్లలో ఒకామె క్లీనరుకు చెప్పింది. వాడు రోజూ ఆ చక్రం తిప్పేవాడు, వాడికీ అప్పటిదాకా తెలియదు.

నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. గుండెలో సన్నగా ముల్లు దిగినట్టయింది. ఆ మనిషెవరో దారినపోయేవాడు, ఇక కనబడడు కదా అని సర్దిచెప్పుకున్నాను. జూన్‌లో బడి తెరిచిన రోజు హెడ్మాస్టరు గారి గదిలోకి వెళితే ఆయన ఎదుటి కుర్చీలో అతనే కూర్చుని ఉన్నాడు. నాకింద సైన్సు అసిస్టెంటుగా వచ్చాడు. పలమనేరు దగ్గరి పల్లె. మూడో తరగతిలో డిగ్రీ. అది తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోవడం నాకు చేతకాలేదు.

"మీ గురించి విన్నాను సార్," అన్నాడు నమస్కారం పెట్టి. "మీ దగ్గర నేర్చుకోవల్లని ఉండాది."

ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను వెక్కిరింత అనుకున్నాను.

మా తరగతి గదుల మధ్య ఒక చెక్క తడిక మాత్రమే అడ్డం. నా పాఠం నడిచేటప్పుడు గది నిశ్శబ్దంగా ఉండేది. అది నా గౌరవమని పన్నెండేళ్లు అనుకున్నాను. అతని వైపు నుంచి ఎప్పుడూ ఏదో ఒక సద్దు. పిల్లలు నవ్వేవాళ్లు, వాదించుకునేవాళ్లు, బెంచీలు జరిపేవాళ్లు. ఒకసారి నా పిల్లలందరి తలలూ తడిక వైపు తిరిగి ఉండడం చూశాను. నేను చెబుతున్నదీ, పక్కన అతను చెబుతున్నదీ ఒకటే పాఠం, గాలి పీడనం. మా వాళ్లు ఆ పాఠాన్ని తడికలోంచి వింటున్నారు.

హెడ్మాస్టరు గారికి ఫిర్యాదు చేశాను. గోల ఎక్కువగా ఉందని. ఆయన నవ్వి, "పోనీలెండి, చిన్నవాడు," అన్నారు. చిన్నవాడనే కదా నా బాధ.

ఆదివారాలు అతను సైకిలు వేసుకుని పల్లెలకు పోయేవాడు. బంగారుపాళ్యం సంతలో, మామిడి తోటల దగ్గర, బావుల దగ్గర, ఎక్కడ నలుగురు దొరికితే అక్కడ నిలబడి మాట్లాడేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ పంపలేదు. అదొక పిచ్చి. నాకు తెలిసినవాళ్లు బజారులో ఆపి, "మీ కొత్త అయివోరు భలే చెప్తాడు సార్," అనేవాళ్లు. "అవును, ఉత్సాహం ఉంది," అనేవాణ్ణి. ఉత్సాహం అన్న మాటను నేను పలికే తీరులో, దాని వెనక చదువు లేదన్న అర్థం ఉండేది. ఎవరికీ అది తెలిసేది కాదు.

మా నాయన ఐరాలలో సేద్యం చేసేవాడు. నెలకొకసారి చిత్తూరు వచ్చి మా ఇంట్లో రెండు రోజులుండి పోయేవాడు. నన్ను చదివించడానికి ఆయన పడిన కష్టం నాకు తెలుసు. నా చదువు సంగతి మాత్రం ఎప్పుడూ అడిగేవాడు కాదు, నేనూ చెప్పేవాణ్ణి కాదు. ఆ సంవత్సరం కార్తీకంలో వచ్చినప్పుడు, కాళ్లు కడుక్కుని కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"మీ ఇస్కూలు అయివోరు మన బాయికాడికి వచ్చినాడప్పా. నేను ఎద్దుల్ని కట్టి నీళ్లకు కపిల తోల్తా ఉంటిని. 'ఎద్దుల్ని పల్లానికే ఎందుకు తోల్తారు?' అని అడిగినాడు. మా నాయన కాలంనించీ అంతే అంటిని. 'పల్లానికి దిగేటప్పుడు ఎద్దు బలం ఒకటే కాదు, ఎద్దు బరువు కూడా బాయిలోంచి నీళ్ల బాన లాగతాది' అన్నాడు. సరే, అది మనకు తెలిసిందే. ఆమీట అడిగినాడు సూడు. 'అట్లయితే ఎద్దుకు పని మిగిలినట్టా?' అని. మిగిలినట్టే గదా అంటిని. 'వట్టి బానతో వెనక్కి మిట్టెక్కేటప్పుడు ఎద్దు రొప్పతాదే, ఎందుకు?' అన్నాడు."

నాయన ఇంకా ఆ బావి గట్టు మీదే ఉన్నట్టున్నాడు.

"దిగేటప్పుడు సాయంజేసిన బరువునే ఎక్కేటప్పుడు మోసకపోవాల. యాడా ఏదీ ఊరికే రాదు, ఊరికే పోదు, రూపం మారతాదంతే అన్నాడు. అరవై ఏండ్లుగా కపిల తోల్తా ఉండానే, నాకు ఒక్కనాడు తోచలేదు." అని నా వైపు తిరిగాడు. "నువ్వు మద్రాసులో సదివింది ఇదేనా అప్పా?"

"ఇదే నాయనా," అన్నాను.

"మరి నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు.

నిష్ఠూరంగా అనలేదు. ఉత్తగా అడిగినట్టు అడిగాడు. ఆ రోజు నేను అన్నం సగంలో లేచాను. శక్తి నిత్యత్వ నియమాన్ని నేను కొన్ని వందల మంది పిల్లలచేత కంఠతా పట్టించాను. నా సొంత నాయనకు దాన్ని చెప్పినవాడు మూడో తరగతి డిగ్రీవాడు.

తరువాతి సంవత్సరం యుద్ధం ముగిసింది. జపానులో ఒక ఊరి మీద ఒకే ఒక్క బాంబు వేశారని, ఊరు లేకుండా పోయిందని పత్రికల్లో వచ్చింది. చిత్తూరులో కోర్టు గుమాస్తాల దగ్గర్నుంచి బెల్లం మండీలో హమాలీల దాకా అదే మాట. అంత చిన్న వస్తువులో అంత మంట ఎక్కడిది అని. మా ఊరి పఠన మందిరంవాళ్లు వచ్చి, పెద్దవాణ్ణి కదా అని నన్నే అడిగారు, ఆదివారం ఉపన్యాసం ఇమ్మని. నాకు చాలా సంతోషం వేసింది. వారం రోజులు కూర్చుని సిద్ధమయ్యాను. పుస్తకాలు తెప్పించాను. పరమాణు కేంద్రకము, ధనావేశము, ద్రవ్యరాశి లోపము, అన్నీ వరసగా రాసుకున్నాను.

ఆదివారం సాయంత్రం వరండా నిండిపోయింది. నల్లబల్ల మీద బొమ్మలు గీసి గంటసేపు చెప్పాను. ఒక్క తప్పు లేదు. పావుగంటకే వెనక వరసలు ఖాళీ కావడం మొదలైంది. ఒక దర్జీ మధ్యలో లేచి, "అయివోరా, ఆ బాంబు ఎంత లావుంటాది?" అని అడిగాడు. "అది ఇక్కడ అప్రస్తుతం," అన్నాను. ఇంకో పావుగంటకు అతనూ లేచి పోయాడు. చివరికి మిగిలింది ఏడెనిమిది మంది. వాళ్లలో ముందు వరసలో కూర్చుని, చేతులు కట్టుకుని, చివరి మాట దాకా విన్నది ఆ చిన్నవాడే.

"చాలా కరెక్టుగా చెప్పినారు సార్," అన్నాడు దగ్గరికొచ్చి.

అంతకంటే అతను నన్ను తిట్టివుంటే బాగుండేదనిపించింది.

మూడు రోజుల తరువాత వచ్చి, పఠన మందిరంవాళ్లు తనను కూడా మాట్లాడమంటున్నారని, నాకు అభ్యంతరం లేకపోతేనే ఒప్పుకుంటానని అన్నాడు. నాకేం అభ్యంతరం అన్నాను. వద్దంటే నా అసూయ బయటపడుతుంది. ఆ ఆదివారం వెళ్లకుండా ఉండాలనుకున్నాను, ఉండలేకపోయాను. మా ఆవిడ కూడా వస్తానంది. నా ఉపన్యాసానికి ఆమె రాలేదు. నేనూ పిలవలేదు.

జనం వరండా చాలక పెరట్లోకి చేరారు. అతను నల్లబల్ల అడగలేదు. ఒక చేమాకు తెచ్చుకున్నాడు, దాని మీద ఇన్ని నీళ్లు పోశాడు. ముత్యంలాగా నిలిచిన ఆ పెద్ద బొట్టును ముందున్నవాళ్లకు చూపించి, ఆకును మెల్లగా ఊపాడు. బొట్టు సాగింది, నడుం సన్నబడింది, పుటుక్కున రెండైంది.

"లోకంలో బరువైన లోహం ఒకటుండాది. దాని అణువు నడిమి గింజ ఇట్లాంటి బొట్టే అనుకోండి. బయటినించి ఒక చిన్న రవ్వ పోయి తగిలితే చాలు, ఇట్ల రెండుగా పగుల్తాది. పగిలేటప్పుడు మంట పుట్టి, ఇంకో రెండు మూడు రవ్వలు ఎగిరి పడతాయి. అవి పక్కదానికి తగుల్తాయి. ఆ తరవాతేమవతాదో మనమే చేసి సూస్తాం."

అందర్నీ పెరటి నిండా దూరదూరంగా కూర్చోమన్నాడు. ఎవరి వీపునైనా ఒకరు తడితే, వాళ్లు ఒకసారి చప్పట్లు కొట్టి, చేతికందే ఇంకో ఇద్దరిని తట్టాలి. లేచి పోకూడదు. ఒక్కొక్కరు ఒక్కసారే. ఒకాయన్ను తట్టి మొదలుపెట్టాడు. నాలుగు చప్పట్లు వినిపించాయి, ఆగిపోయింది. చేతికి ఎవరూ అందలేదు. అందరూ నవ్వారు.

"ఇప్పుడు ఒకరికొకరు ఆనుకోని కూర్చోండి," అన్నాడు.

కూర్చున్నారు. మళ్లీ ఒకాయన్ను తట్టాడు. ఒక చప్పట, రెండు, ఆ తరువాత లెక్క తెలియలేదు. పెరడంతా ఒక్కసారిగా ఉరిమినట్టయింది. గోడ మీది కాకులు లేచిపోయాయి. మరుక్షణం అంతా నిశ్శబ్దం.

"మనుషులు వాళ్లే. తట్టింది ఒకర్నే. దగ్గరగా చేరేసరికి ఎట్లయిందో సూసినారు గదా," అన్నాడు నెమ్మదిగా. "బాంబులో చేసింది ఇంతే. దూరంగా ఉన్న రెండు ముద్దల్ని ఒకటిగా కలిపినారు."

ఒక ముసలాయన అడిగాడు: "ఏంజరిగిందో ఆ ఊర్లో మనుషులకు తెలిసిందా అబ్బా?"

అతను చేతిలోని చేమాకును కింద పెట్టాడు. "తెలియలేదు పెద్దాయనా. తెలిసే తీరుబడి ఉండదు," అన్నాడు.

ఆ చప్పట్లు ఉరిమినప్పుడు నన్ను కూడా పక్కనున్న దర్జీ తట్టాడు. నేను చప్పట్లు కొట్టలేదు, ఎవరినీ తట్టలేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ చిన్నవాడు అది చూసే ఉన్నాడు. "ఒకరిద్దరు మా సారు మాదిరి ఊరకుంటే ఆగదు. శానామంది ఊరకుంటే ఆగిపోతాది. అట్ల ఊరకుండే పదార్థాలు కూడా ఉండాయి. వాటిని నడాన పెట్టి, ఆ మంటను నిదానంగా మండించుకోవచ్చునంట," అన్నాడు. జనం నా వైపు తిరిగి నవ్వారు. మా ఆవిడ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను నన్ను పాఠంలో కలుపుకున్నాడే తప్ప ఎగతాళి చేయలేదని ఈరోజు చెప్పగలను. ఆరోజు నాకు చెవులు కాలిపోయాయి.

మరుసటి రోజు మధ్యాహ్నం మా ఆవిడ గుడికి పోయినప్పుడు, తలుపు వేసుకుని, ఎడమచేత్తో ఆకాశరామన్న ఉత్తరం రాశాను. విద్యాశాఖ అధికారి పేరిట. ఈ అయ్యవారు సైన్సు నెపంతో జనాన్ని గుంపులు చేరుస్తున్నాడని, బాంబుల గురించి చెప్పి కలవరపెడుతున్నాడని, పైగా అతను చెప్పే సైన్సంతా తప్పులని. రైల్వే స్టేషను దాకా నడిచి పోయి అక్కడి పెట్టెలో వేశాను. ఉత్తరం లోపల పడిన చప్పుడు విన్నాక ఒక పూట హాయిగా ఉంది. అబద్ధమెందుకు, ఒక పూట నిజంగానే హాయిగా ఉంది.

పదిహేను రోజులకు విద్యాశాఖ నుంచి హెడ్మాస్టరు గారికి శ్రీముఖం వచ్చింది. అతను సంజాయిషీ పంపాలి, ఇంగ్లీషులో, వారం లోపల. ఆ సాయంత్రం అతను మా ఇంటికి వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. మా ఆవిడ మజ్జిగ ఇస్తే ఒక్క గుక్కలో తాగి గ్లాసు కింద పెట్టాడు.

"సార్, నా ఇంగ్లీషు మీకు తెలుసు. మీరు రాసిస్తేనే నేను బయటపడేది," అన్నాడు.

మా ఆవిడే, "రాయకుండా యాడికి పోతారప్పా, కూర్చో," అంది.

"గుంపులు చేర్చినానంటే చేర్చినాను, సరే. తప్పులు చెప్తానని రాసినారంట సార్. ఏ తప్పో రాసుంటే దిద్దుకుందును. ఎంతమందికి ఆ తప్పు చెప్పేసినానో," అన్నాడు.

తన పనేమిటో నాకు తెలియాలని సంచిలోంచి రెండు నోటుబుక్కులు తీసి ఇచ్చాడు. అతను వెళ్లాక చదివాను. అవి పాఠాలు కావు, తన ఓటములు. 'చాకలామెకు చెప్పినాను, తెలియలేదు.' 'అమ్మకు చెప్పినాను, నిద్రపోయింది.' 'గానుగకాడ చెప్పినాను, సగం తెలిసింది, సగం నాకే తెలియదని తెలిసింది.' ఒక్క ఆవిరి మీదే పది పదిహేను ప్రయత్నాలున్నాయి. ఒకచోట రాసుకున్నాడు: 'కాలేజీలో ఇది నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు నటించినాను.' నాకు ఏ పాఠమూ రెండోసారి చదవవలసిన అవసరం రాలేదు. ఎక్కడ కాలు జారుతుందో నాకు తెలియనే తెలియదు. అతనికి అడుగడుగునా జారి తెలుసు. అది చదివాక నా అసూయ తగ్గాలి. తగ్గలేదు. అప్పటిదాకా అదంతా పుట్టుకతో వచ్చిన నేర్పనుకుని, దేవుడి మీద కొంత కోపం పెట్టుకున్నాను. కష్టపడి సంపాదించుకున్నాడని తెలిశాక ఆ కోపమంతా అతని మీదికే వచ్చింది.

అయినా రాశాను. నాలుగు పేజీలు. నా నేరానికి నేనే వకీలునయ్యాను. అంత మంచి ఇంగ్లీషు నేను అంతకు ముందు రాయలేదు, ఆ తరువాతా రాయలేదు. అతను చదివి, కొన్ని మాటలకు అర్థం అడిగి, నా కాళ్లకు దండం పెట్టబోయాడు. వెనక్కి జరిగాను.

సంజాయిషీ నచ్చిందని, తప్పేమీ కనబడలేదని జవాబు వచ్చింది. ఇకమీదట మాత్రం బడి బయట, అనుమతి లేనిదే, ఎక్కడా మాట్లాడకూడదని కూడా వచ్చింది. అతను సైకిలు ఎక్కడం మానేశాడు. ఆదివారాలు బడి వసారాలో ఒక్కడే కూర్చుని ఆ నోటుబుక్కులు తిరగేస్తూ కనిపించేవాడు. వేసవి తరువాత తిరుపతిలో ఒక బడికి మారిపోయాడు.

అతను పోయాక ఆ చప్పట్ల పాఠాన్ని నా తరగతిలో చేయించాను. పిల్లలు తట్టమన్నది మరిచి ఊరికే చప్పట్లు కొట్టారు, ఇద్దరు కొట్టుకున్నారు, హెడ్మాస్టరు గారు తొంగి చూసి వెళ్లారు. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పి చూశాను. ఆమె విని, "ఇది ఆయన మాట గదా. మీ మాట ఏది?" అంది.

ఎందుకో ఆ మాటకు తట్టుకోలేకపోయాను. ఉత్తరం సంగతి చెప్పేశాను. ఆమె చేటలో రాగులు చెరుగుతూ ఉంది. చెయ్యి ఆగిపోయింది. "మనింట్లో కూర్చోని మజ్జిగ తాగినాడే," అంది. తరువాత, "ఆయనకు చెప్పినారా?"

"లేదు."

"చెప్పిరాండి," అని చేట తీసుకుని లోపలికి పోయింది. ఆ తరువాత రెండు నెలలు ఆమె నాతో అవసరమైన మాటలే మాట్లాడింది.

సంక్రాంతి సెలవులకు ముందు ఒక శనివారం, పాకాలలో రైలు మారి తిరుపతి వెళ్లాను. రైలు గేటు దగ్గర ఒక చిన్న మిద్దె గదిలో ఉండేవాడు. నన్ను చూసి ఎంత సంబరపడ్డాడో. చాప పరిచాడు, స్టవ్వు వెలిగించి ఉప్మా చేస్తానని లేచాడు. అతను రవ్వ డబ్బా మూత తీస్తుంటే చెప్పాను.

"ఆ ఉత్తరం రాసింది నేనే."

అతను మూత మళ్లీ పెట్టాడు. స్టవ్వు ఆర్పాడు. వచ్చి చాప మీద కాకుండా గడప దగ్గర కూర్చున్నాడు.

"ఏ తప్పు సార్?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"తప్పులు చెప్తానని రాసినారు గదా. మీరు రాసినారంటే ఉండే ఉంటాది. ఏది తప్పు? చేమాకుదా? కపిలదా?" గూట్లోంచి నోటుబుక్కులు తీసి నా ముందు పెట్టాడు. ప్రతి పేజీ అంచునా ఎర్రసిరాతో గుర్తులు. "సంవత్సరంగా వెతకతా ఉండాను. ఒక్కోటీ మళ్లా పుస్తకాలతో సరిచూసినాను. నాకు దొరకలేదు. నాకు తెలియనిది మీకు కనపడి ఉంటాది."

"ఏ తప్పూ లేదు," అన్నాను. "ఊరికే రాశాను."

అతను నా వైపు చూడలేదు. ఆ ఎర్ర గుర్తుల పేజీ ఒకటి తెరిచి, చాలాసేపు చూసి, మూసేశాడు. కొడతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. రెండూ చేయలేదు. "ఒక ఏడాది సార్," అన్నాడు. "బడిలో పుస్తకంలో ఉండేది చదివేది తప్ప, ఒక ఏడాది నేనెవురికీ ఏమీ చెప్పలేదు. నోరు తెరిస్తే తప్పు వస్తాదేమోనని." నోటుబుక్కులు మళ్లీ గూట్లో పెట్టి, "మీకు బండికి టైమవతాది," అన్నాడు.

క్షమించమని అడగడానికి నేను తెచ్చుకున్న మాటలు నా దగ్గరే ఉండిపోయాయి. మెట్లు దిగి వచ్చేశాను. అతను పైనే ఉండిపోయాడు. ఆ తరువాత నేను రాసిన రెండు ఉత్తరాలకు జవాబు రాలేదు. రావాలని నేను అనుకోవడం కూడా న్యాయం కాదు.

అయితే అనుమతి సంపాదించుకుని మళ్లీ మాట్లాడుతున్నాడని కొన్నాళ్లకు తెలిసింది. కొండకు వచ్చే యాత్రికులకు, సత్రాల అరుగుల మీద. మా నాయనతో, మా ఆవిడతో నేను కూడా నా పాఠాలు ముందు చెప్పి చూసుకోవడం మొదలుపెట్టాను. కొన్ని వాళ్లకు తెలిసేవి. చాలా వాటికి నాయన ఆవలించేవాడు. నా తరగతిలో అప్పుడప్పుడూ కొంత గోల వినిపించేది, అంతే. అతనంతటివాణ్ణి కాలేదు.

రెండేళ్ల తరువాత బంగారుపాళ్యం మామిడి వ్యాపారి ఒకాయన తన కొడుకును బడిలో చేర్చడానికి వచ్చి, తిరుపతిలో తాను విన్న ముచ్చట చెప్పాడు. చంద్రుడు ఎప్పుడూ ఒక వైపే ఎందుకు చూపిస్తాడో ఒక అయివోరు చెప్పాడట.

"నన్నే లేపి, స్తంభం చుట్టూ తిరగమన్నాడు సార్. మొహం మాత్రం స్తంభం దిక్కుకే ఉండాల. ఒక చుట్టు తిరిగి వచ్చినాను. 'నువ్వు నీ చుట్టూ తిరిగినావా?' అన్నాడు. లేదంటిని. 'మొదట నీ మొహం తూరుపుకు ఉన్నింది. ఆమీట యా తట్టుకు పోయింది?' అన్నాడు. ఎంచి సూస్తే నాలుగు దిక్కులూ సూసినాను సార్. తిరగకుండా నాలుగు దిక్కులెట్ల సూస్తాను? చంద్రుడూ అంతేనంట. మన చుట్టూ ఒకసారి వచ్చేలోగా తన చుట్టూ తానూ ఒకసారి తిరగతాడంట."

అదే ముల్లు, అదే చోట దిగింది. ఈ ఉదాహరణ నాకెందుకు తట్టలేదని మొదట అనిపించింది. అతను మళ్లీ నోరు తెరిచాడన్న సంతోషం ఆ తరువాతే, కాస్త ఆలస్యంగా వచ్చింది.

"ఇంకోసారి మొదటినుంచీ చెప్పండి," అని వ్యాపారిని కూర్చోబెట్టి, చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసుకున్నాను. ఆ వారం ఒక పిల్లవాణ్ణి లేపి తరగతి గది స్తంభం చుట్టూ తిప్పాను. ఈ పాఠం నాది కాదని, ఇది కనిపెట్టిన అయ్యవారు ఒకప్పుడు పక్క గదిలో పాఠం చెప్పేవారని, ముందే పిల్లలకు చెప్పాను.